డింభకుడి వైపు నుంచి

బందరు కోనేరు సెంటర్లో గానీ, మాఘపౌర్ణమికి హంసలదీవిలో జరిగే తిరునాళ్లలో గానీ బొమ్మల దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒక సంగతి కంటబడుతుంది. కర్రకి వేలాడదీసిన ప్లాస్టిక్ ముసుగుల్లో స్పైడర్‌మ్యాన్ ఉంటాడు, బ్యాట్‌మ్యాన్ ఉంటాడు, వాళ్ల మధ్య హనుమంతుడూ ఉంటాడు. ఏ కథలోనైనా గెలిచినవాడి మొహమే అమ్మకానికి వస్తుంది. ఓడిపోయినవాడి మొహం కావాలని ఏ పిల్లా మారాం చేయదు. అదే ఊళ్లో పెద్దల మాటలు వింటే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. టీకొట్టు దగ్గర ఏ కుర్రవాడైనా తెలివితక్కువ మాట అన్నాడా, పక్కనున్న పెద్దాయన కనుబొమ్మలు పైకెత్తి, గొంతు సాగదీసి ‘డింభకా’ అంటాడు. అది డెబ్బై ఏళ్లు దాటిన ఒక సినిమాలో మాంత్రికుడి పిలుపు. ఆ సినిమా చూడని తరం కూడా ఆ పిలుపుకి నవ్వుతుంది. పిల్లలు మొహానికి కథానాయకుణ్ణి తగిలించుకుంటే, పెద్దలు నాలుక మీద మాంత్రికుణ్ణి దాచుకున్నారన్నమాట. ఎందుకిలా? ఆ మాంత్రికుడిలో మనకి నచ్చిందేమిటి, భయం పుట్టించిందేమిటి? ఈ రెండూ ఒకటేనా, వేరువేరా? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ తవ్వుకుంటూ పోతే విజ్ఞానం అనే పెద్ద మాట దాకా వెళ్తుంది.

‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. విజయా వారి చిత్రం, కె.వి.రెడ్డి దర్శకత్వం. అందులో పడిన ముఖ్యమైన చేతులు ఎక్కడివో వెతికితే ఉమ్మడి కృష్ణా జిల్లా పటం కళ్ల ముందు పరుచుకుంటుంది. తోటరాముడుగా వేసిన ఎన్.టి.రామారావుది గుడివాడ ప్రాంతంలోని నిమ్మకూరు. నేపాళ మాంత్రికుడుగా వేసిన ఎస్.వి.రంగారావు పుట్టింది నూజివీడులో. పాటలకు వరసలు కట్టిన ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి, అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుకున్నవారు. కథకి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉంది, అల్లావుద్దీన్ దీపం వెలుగూ కొంత పడింది. ఉజ్జయినిలో తోటవాడి కొడుకు రాజకుమారిని ప్రేమిస్తాడు. నాతో సమానంగా సంపద తెస్తేనే పిల్లనిస్తానంటాడు రాజు. సరిగ్గా ఆ అవసరం దగ్గరే మాంత్రికుడు కాచుకుని ఉంటాడు. అతనికి కావలసింది కోరిన కోరికలు తీర్చే పాతాళభైరవి ప్రతిమ. దాని వెల సాహసవంతుడైన ఒక యువకుడి తల. ధనరాశులకి దారి చూపిస్తానని చెప్పి కుర్రవాణ్ణి గుహకి తీసుకెళ్తాడు. దారి పొడుగునా అన్నీ చెబుతాడు, ఆ ఒక్కటీ తప్ప.

ఇదే కథ దాదాపు అదే కాలంలో అమెరికాలో వేరే వేషంలో నడిచింది. అక్కడ గుహకి బదులు ప్రయోగశాల, మంత్రదండానికి బదులు మీట, గడ్డానికి బదులు తెల్లకోటు. క్లీవ్‌లాండ్ కుర్రవాళ్లు జెర్రీ సీగల్, జో షుస్టర్ సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో కనిపించాడు. రెండేళ్లు తిరక్కుండానే అతనికి ఎదురు నిలవడానికి లూథర్ అనే శాస్త్రవేత్త పుట్టుకొచ్చాడు. ఆ పాత కామిక్ పేజీ ఒకటి దగ్గరికి తీసుకుని చూస్తే కాగితం చవకరకం న్యూస్‌ప్రింటు, అంచులు గోధుమరంగుకి తిరిగి ఉంటాయి. రంగు అనుకున్నది నిజానికి సన్నటి చుక్కల వరసలు. కథానాయకుడి అంగీ ఎరుపు నల్లగీత దాటి కాస్త బయటికి జారి ఉంటుంది. పెడనలో కలంకారీ బట్ట చూసినవాళ్లకి ఆ జారుడు కొత్తేమీ కాదు. ముందు రేఖల అచ్చు, తరువాత ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు వేస్తూ పోతే, ఎక్కడో ఒకచోట పూవు ఎరుపు తన గీతని నూలుపోగంత దాటుతుంది. మనిషి చెయ్యి పడిందనడానికి అదే గుర్తు. ఇక ఆ పేజీలో శాస్త్రవేత్త ఉన్న గడుల్లో ఎప్పుడూ ఆకుపచ్చ పొగ, వంకర తిరిగిన గాజుగొట్టాలు, కింద నుంచి మొహం మీద పడే వెలుగు. అతను నవ్వుతూ ఉంటాడు. అతని వెనక తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది.

చాలామంది గమనించేది ఆ పొగనీ నవ్వునీ. నా దృష్టి ఆ మూసిన తలుపు మీద ఆగింది. సీగల్, షుస్టర్ తమ సూపర్‌మ్యాన్ కన్నా ముందు, 1933లో, సొంతంగా అచ్చు వేసుకున్న చిన్న పత్రికలో అదే పేరుతో ఇంకో కథ వేశారు. అందులో స్మాలీ అనే ప్రొఫెసర్ ఉంటాడు. తన ప్రయోగానికి అతనొక మనిషిని వెతుక్కుంటాడు. ఎక్కడ? ఆర్థికమాంద్యం రోజుల్లో ఉచిత రొట్టె కోసం నిలబడిన నిరుపేదల వరసలో. కడుపునిండా తిండీ కొత్త బట్టలూ ఆశ చూపి బిల్ డన్ అనేవాణ్ణి ఇంటికి తీసుకెళ్లి, చెప్పకుండా ఒక వింత పదార్థం అతని చేత మింగిస్తాడు. ఉజ్జయిని తోటవాడి కొడుకునీ ఈ రొట్టెల వరసలోని మనిషినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. మధ్యలో ఒక మహాసముద్రం ఉంది, రెండు భాషలున్నాయి, ఒకరి కథ ఒకరు వినే అవకాశం లేదు. అయినా మాంత్రికుడూ ప్రొఫెసరూ ఒకే రకం మనిషినే ఎంచుకున్నారు: లేమిలో ఉన్నవాణ్ణి, ఆశపడే కారణం ఉన్నవాణ్ణి, ఏమైపోయాడని ఎవరూ గట్టిగా అడగనివాణ్ణి. అతన్నే మాంత్రికుడు డింభకుడంటాడు. ఆ మాటకి పసివాడని అర్థం, ఏమీ ఎరగనివాడని కూడా.

నాకు తోచేది ఇది. ఈ కథల్లో భయం పుట్టించేది విద్య కాదు. విద్యకి వెల చెల్లించేవాడికి ఆ సంగతి తెలియకుండా దాచిపెట్టడం. మాంత్రికుడి పన్నాగం అతని శక్తి మీద నిలబడలేదు, డింభకుడు డింభకుడుగానే ఉండిపోవడం మీద నిలబడింది. అందుకే ఆ పన్నాగాలు విరిగిపోయే చోటు కూడా ఎప్పుడూ ఒకటే. రాముడు మాంత్రికుణ్ణి కండబలంతో గెలవలేదు. బలి ముందు స్నానానికి దిగిన కొలనులో మొసలిని చంపితే, శాపం తీరిన ఆ మొసలి అసలు సంగతి చెబుతుంది. అక్కడితో కథ తిరిగిపోతుంది. అంతకన్నా పాతది భట్టివిక్రమార్కుల కథ. చందమామలో దశాబ్దాల పాటు నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచిన విక్రమార్కుడి బొమ్మ తెలుగు ఇళ్లలో తెలియనిదెవరికి? ఆ రాజు మహా బలవంతుడు, మహా ధైర్యవంతుడు. అయినా శ్మశానంలో కూర్చున్న భిక్షువు చేతిలో అతనూ డింభకుడే. చివరికి అతన్ని కాపాడింది కత్తి కాదు, బేతాళుడు చెవిలో వేసిన మాట. భిక్షువు సాష్టాంగపడమంటాడు, ఎలాగో నువ్వే చూపించమను అని చెప్పాడు. కత్తికి పని ఆ తరువాతే వచ్చింది.

అంటే ఇలాంటి కథల్లో ఉత్కంఠ అంతా ‘ఎవరు బలవంతుడు’ అనే ప్రశ్నలో కాక ‘ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది’ అనే ప్రశ్నలో ఉంది. సూపర్‌మ్యాన్ మామూలు రోజుల్లో చేసే ఉద్యోగం ఏమిటో గుర్తు చేసుకుంటే ఇది ఇంకా బలపడుతుంది. ఆకాశంలో ఎగరగలవాడు, ఇనుము వంచగలవాడు వచ్చి పత్రికా విలేఖరిగా కూర్చున్నాడు. సైనికుడో పోలీసో ఎందుకు కాలేదు? పన్నాగం ముందుగా తెలిసే చోటు వార్తాపత్రిక గనక. 1941లో ఫ్లైషర్ స్టూడియో తీసిన మొదటి సూపర్‌మ్యాన్ కార్టూన్‌లో కూడా, భుజం మీద పక్షిని కూర్చోబెట్టుకున్న పిచ్చి శాస్త్రవేత్త నగరం మీదికి మృత్యుకిరణం వదులుతాడు. అతని సంగతి తేల్చుకోవడానికి అందరికన్నా ముందు బయల్దేరింది లోయిస్ లేన్ అనే విలేఖరి. సూపర్‌మ్యాన్ ఆమె వెనక వెళ్లినవాడే. బందరు కూడా ఈ విలువ ఎరిగిన ఊరే. 1902లో కృష్ణా పత్రిక పుట్టింది ఇక్కడే. తెల్లదొరల గదుల్లో జరిగే నిర్ణయాలు పల్లె మనిషికి తెలియాలన్నది ఆనాటి పత్రికలవాళ్ల పట్టుదల.

దీనికి మొదటి అభ్యంతరం శాస్త్రాన్ని ప్రేమించేవాళ్ల నుంచి వస్తుంది, అది న్యాయమైనది కూడా. ఇన్ని కథల్లో తెలివైనవాడే దుర్మార్గుడైతే, వినే పిల్లలకి తెలివి మీదే అనుమానం పుట్టదా? ప్రయోగశాల అంటే కుట్ర, పుస్తకాల పురుగంటే పిచ్చివాడు అన్న ముద్ర పడిపోదా? పడుతుంది, కాదనలేం. కానీ మన పెద్దల నాలుక మీదున్న ఆ డింభక శబ్దం ఇంకోలా సాక్ష్యం చెబుతోంది. జనం ఆ మాంత్రికుణ్ణి అసహ్యించుకుని మరిచిపోలేదు. అతని మాట తీరు, దర్జా, తనకి తెలుసన్న ధీమా వాళ్లకి ముచ్చటేసింది. విద్య మీద ప్రేమ లేనిచోట అలాంటి ముచ్చట పుట్టదు. అంటే ప్రేక్షకుడు విద్యనీ పన్నాగాన్నీ విడదీసుకోగలిగాడు. విద్యని ఉంచుకుని, పన్నాగాన్ని గుహలోనే వదిలేశాడు. పింగళి చదువుకున్న జాతీయ కళాశాలని 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పింది కూడా చదువూ చేతిపనీ ఒకే కప్పు కింద నేర్పాలనే. అలాంటి చోట నేర్చుకున్న కలం విద్యని ద్వేషించమని చెబుతుందా?

విద్య వెలుతురులో ఎలా బతుకుతుందో చూడాలంటే పెడన దాకా వెళ్తే చాలు. బట్టని కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రావకం బట్ట మీద పడి, కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేస్తారు, అప్పటికి అక్కడ రంగే కనపడదు. బట్టని వేర్ల నీళ్లలో ఉడకబెడితే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పైకి తేలుతుంది. మాంత్రికుడి గుహలో జరిగే ఏ వింతకీ తీసిపోని వింత ఇది, అచ్చమైన రసాయన శాస్త్రం. కానీ ఇక్కడ తలుపు మూయరు. అచ్చు చెక్కేవారొకరు, వేసేవారొకరు, కాలవలో ఉతికేవారొకరు, ఉడకబెట్టేవారొకరు. గుహలో మాత్రం ఒక గురువు, ఒక శిష్యుడు. ఆ శిష్యుడికి కూడా అసలు గుట్టు పూర్తిగా తెలియదు. పది చేతుల మీదుగా నడిచే విద్య పన్నాగంగా మారడం కష్టం.

ఈ చివరి మాట రాశాక దాన్ని మళ్లీ అనుమానించవలసి వస్తోంది. ఎందుకంటే రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. లోకానికి నిజంగా కీడు చేసింది ఒంటరి పిచ్చివాళ్లా? కాదు, వ్యవస్థలు. జీతాలు తీసుకుని, వేళకి ఇంటికి వెళ్లే మంచి మనుషులు వేలమంది కలిసి చేసిన పనులు. దీనికి కామిక్ చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లూథర్ అణుశక్తితో సూపర్‌మ్యాన్ మీద దాడి చేసే కథ ఒకటి తయారైంది. అమెరికా యుద్ధ శాఖ దాన్ని ఆపించింది, చివరికి 1946లో గానీ అచ్చుకాలేదు. 1945 ఏప్రిల్‌లో దినపత్రికల్లో వస్తున్న సూపర్‌మ్యాన్ బొమ్మల కథలో సైక్లోట్రాన్ ప్రస్తావన వస్తే దానికీ అభ్యంతరం చెప్పారు. ఆ ఆగస్టులోనే హిరోషిమా, నాగసాకి. బొమ్మల కథలో పిచ్చి శాస్త్రవేత్త నోరు మూయించినప్పుడు అసలు ప్రయోగశాల తలుపు ప్రభుత్వం చేతిలో మూసి ఉంది. అందులో లక్షకు పైగా మనుషులు పనిచేస్తున్నారు. పది చేతులు కాదు, లక్ష చేతులు. మరి విద్య పన్నాగం కాకుండా ఆగిందా?

ఆగలేదు. ఎందుకు ఆగలేదో చూస్తే మొదటి మాట కొట్టుకుపోదు, ఇంకాస్త సరిగ్గా నిలబడుతుంది. టెనెసీలోని ఓక్‌రిడ్జ్‌లో యురేనియం వేరుచేసే యంత్రాల ముందు వందలాది అమ్మాయిలు కూర్చునేవారు. సూది ఇటు వాలితే ఈ మీట తిప్పాలి, అటు వాలితే ఆ మీట తిప్పాలి. అంతవరకే నేర్పారు. ఆ సూది దేన్ని కొలుస్తోందో చెప్పలేదు. హిరోషిమా వార్త వచ్చాకే వాళ్లలో చాలామందికి తాము చేసిందేమిటో తెలిసింది. అంటే చేతులు ఎన్నున్నా సరిపోదు. పెడనలో ఉతికే మనిషికి కూడా మొత్తం బట్ట కనపడుతుంది, తన చెయ్యి ఏ పూవు దగ్గర పడిందో తెలుస్తుంది. ఓక్‌రిడ్జ్‌లో ఎవరి గడి వాళ్లకే. లక్షమందిని డింభకులుగా ఉంచి నడిపిన పని అది. కాబట్టి పాత కామిక్ ఒక విషయంలో పొరబడింది: పన్నాగానికి ఒక పిచ్చి మొహం ఉంటుందని చెప్పింది. కానీ మూసిన తలుపు విషయంలో పొరబడలేదు. ఆ మొహాన్ని చెరిపేసి తలుపుని అలాగే ఉంచితే, 1945 నాటి చిత్రానికి అది సరిగ్గా అతుకుతుంది.

ఇంకొక అభ్యంతరం మన నేలకి మరింత దగ్గరది. ఎవడో ఒక వీరుడొచ్చి కాపాడతాడన్న కథలు జనాన్ని చేతులు కట్టుకుని కూర్చోబెడతాయని అంటారు. 1980లో ఆంజనేయుడి వరంతో బలం పొందిన కథానాయకుడుగా ఎన్.టి.ఆర్. ‘సూపర్‌మ్యాన్’ అనే తెలుగు సినిమాలోనే నటించారు. అవతారం కోసం ఎదురుచూడటం మనకి అంత అలవాటు. ఈ విమర్శలో నిజముంది. కానీ కథల్ని మళ్లీ చూస్తే వీరుడెప్పుడూ ఒంటరివాడు కాడు. దక్కిన ప్రతిమని మళ్లీ పోగొట్టుకున్న రాముడికి తోడు నిలిచింది అంజి అనే స్నేహితుడు. మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉందని తెలుసుకుని, ఆ గడ్డం అతనే తీయించుకునేలా చేసింది మాటల నేర్పు. విక్రమార్కుడికి బేతాళుడు, సూపర్‌మ్యాన్‌కి లోయిస్. ఎగిరేవాడూ నరికేవాడూ చివర్లో వస్తారు. చెప్పేవాడు ముందు రాకపోతే వాళ్లు ఎవరి మీద కత్తి ఎత్తాలో కూడా తెలియదు. పిల్లల ముసుగుల దుకాణంలో కనపడనిది ఆ చెప్పేవాడి మొహమే.

మృత్యుకిరణం సంగతి ఒకటి మిగిలింది. కామిక్‌లలో ప్రతి పిచ్చి శాస్త్రవేత్తా దాని వెంట పడ్డాడు. నిజంగానూ పడ్డారు. 1935లో బ్రిటిష్ వైమానిక శాఖ రాబర్ట్ వాట్సన్‌వాట్ అనే శాస్త్రవేత్తని, రేడియో తరంగాలతో శత్రువుని దూరం నుంచే కూల్చే కిరణం సాధ్యమేనా అని అడిగింది. అతని సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్క కట్టి చూసి కుదరదన్నాడు. అయితే ఆ తరంగాలు విమానానికి తగిలి వెనక్కి వస్తాయి, కాబట్టి దూరాన ఉన్నదాన్ని ముందుగా చూడవచ్చని తేల్చారు. బ్రిటన్‌లో రాడార్ అక్కణ్ణుంచి మొదలైంది. యుద్ధం కోసమే పుట్టింది, నిజమే. చంపగలదా అని అడిగితే, చూడగలదు అని జవాబొచ్చింది. కార్టూన్‌లో మృత్యుకిరణం నగరం మీద పడిన 1941 నాటికే, బయటి ప్రపంచంలో దాని తోబుట్టువు ఇంగ్లండ్ తీరాన కాపలా కాస్తోంది.

ఆ తోబుట్టువు ఇప్పుడు బందరులోనూ ఉంది. వాతావరణ శాఖ రాడార్ గుండ్రటి గూడులో తిరుగుతూ బంగాళాఖాతం మీది మేఘాల్ని చూస్తూ ఉంటుంది. దాని విలువ తెలియాలంటే ఈ తీరం జ్ఞాపకాల్లోకి వెళ్లాలి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి 5 మీటర్లకు మించిన ఎత్తున సముద్రం వచ్చింది. సర్కారు లెక్కల్లోనే మృతులు 10,000 దాకా. ఉప్పెన ఎవరి పన్నాగమూ కాదు, దాని వెనక మాంత్రికుడు లేడు. మరి ఈ వ్యాసంలో దానికి చోటేమిటి? ఇదీ చోటు: 1977లో తుఫాను కదులుతోందని వాతావరణ శాఖకి తెలుసు, హెచ్చరికలూ వెళ్లాయి. ఆ తెలిసిన సంగతికీ, నాగాయలంక, కోడూరు వైపు మట్టిగోడల పాకల్లో ఉన్న మనిషికీ మధ్య ఫోను లేదు, ఎక్కడానికి గట్టి మేడ లేదు. ఎవరూ కావాలని దాచలేదు. అయినా వెల చెల్లించినవాడికి తెలియలేదు, తెలిసినా తప్పించుకునే దారి లేదు. తలుపు ఎవరో మూయనక్కర్లేదు, తెరిచే ఏర్పాటు లేకపోయినా ఫలితం అదే. ఆ తరువాత తీరం పొడుగునా కట్టిన తుఫాను షెల్టర్లూ, ఊరూరా చాటే హెచ్చరికలూ ఆ ఏర్పాటులో భాగాలే.

బందరు గిలకలదిండి రేవు దగ్గర పడవలవాళ్లకి ఒక లెక్క తెలుసు. వాయుగుండం పుడితే మచిలీపట్నం పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తుంది. ఒకటో నంబరంటే దూరాన ఎక్కడో సముద్రం చెదిరింది. మూడో నంబరంటే రేవు మీదికి ఈదురుగాలి రావచ్చు, వేటకి వెళ్లకూడదు. అలా పెరుగుతూ పోయి, పదో నంబరు దగ్గర తీవ్ర తుఫాను నేరుగా రేవు మీదికే వస్తోందని అర్థం. అంతకన్నా ఘోరం ఏముంటుంది? అయినా ఆ వరస పదితో ఆగదు, పదకొండో నంబరు ఒకటుంది. దాని అర్థం గాలి ఇంకా పెరిగిందని కాదు. తుఫాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని, ఇక కబురు రాదని. ఆ వరస ఏర్పరచినవాళ్లు అన్నిటికన్నా పైన పెట్టింది ఆ నంబరునే.